తొమ్మిదో పడవ

తొమ్మిదో పడవ మా వంటింట్లో ఆగి ఉంది.

ఆ మాట నాకు చెప్పింది నార్వేలో కూర్చున్న మారిట్. నవ్వుతూనే చెప్పింది. నెలకోసారి జరిగే వీడియో మీటింగ్ అది. వాళ్లకు పొద్దున, మాకు మధ్యాహ్నం. చారు పోపు పెట్టి, పొయ్యి కట్టేసి, గట్టు మీద పప్పు డబ్బాకు ల్యాప్‌టాప్ ఆనించి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. ముందుగదిలో మా ఆయన కోటేష్ పడుకుని ఉన్నాడు. నడుం నొప్పి మనిషి. నిద్ర చెడుతుందని మీటింగులన్నీ నేను వంటింట్లోనే కానిస్తాను.

"హేమలతా, మీ పడవల్లో ఒకటి నడక నేర్చుకుంది" అంది మారిట్. తెర మీద భద్రాచలం మ్యాపు పెట్టింది. గోదావరి నీలం రంగులో ఉంది. పడవల చుక్కలన్నీ ఆ నీలంలోనే ఉన్నాయి. తొమ్మిది అంకె ఉన్న ఒక్క ఎర్ర చుక్క మాత్రం ఊరి మధ్యలో ఉంది. మారిట్ మ్యాపును పెద్దది చేసింది. రేవు, బజారు, డిపో వెనక సందు, ఆ సందులో చివరి మేడ. చుక్క ఆ మేడ మీద, వెనక వైపు మూలన, నేను కూర్చున్న చోటే ఉంది.

యూరప్‌లో కొన్ని దేశాల విశ్వవిద్యాలయాలు కలిసి, దగ్గర దూరాల సముద్ర రవాణా మీద పరిశోధన చేస్తున్నాయి. లారీల్లో పోయే సరుకును ఒక రేవు నుంచి పక్క రేవుకు చిన్న ఓడల్లో పంపితే పొగ ఎంత తగ్గుతుంది, తిరుగు ప్రయాణంలో ఓడ ఖాళీగా రాకుండా ఏం చెయ్యాలి, ఇదీ వాళ్ల పని. పోల్చి చూడటానికి ఇక్కడి నదుల్లో సరుకు పడవలను కూడా తీసుకున్నారు. భద్రాచలం రేవు బాధ్యత నాది. పడవ వాళ్లతో మాట్లాడి, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన ట్రాకర్ డబ్బాలను పడవలకు కట్టించి, వారానికోసారి విప్పి తెచ్చి, ఇంట్లో ఛార్జింగ్ పెట్టి మళ్లీ కట్టించాలి. తొమ్మిదో పడవ ముత్యాలుది. మొన్నటి వరదకు ఒడ్డుకు కొట్టుకుని పగిలింది. దాని డబ్బా గోదావరిలో పోయిందని నేనే రాసి పంపాను.

"నేల మీద పడ్డ చుక్కలను కంప్యూటర్ తప్పులని చెరిపేస్తుంది. ఈ వారం నేను ఆ జల్లెడ తీసేసి చూశాను" అంది మారిట్. "వరద తర్వాత నుంచీ ఇది ఇలాగే తిరుగుతోంది. అన్నీ చిన్న చిన్న దూరాలు. ఎంత పని చేస్తోందో చూడు. దీన్ని నడిపేది ఎవరో గానీ, నేను కలవాలి."

అందరూ నవ్వారు. ఖమ్మం నుంచి మా కోఆర్డినేటర్ ప్రభాకర్ సార్ అందరికంటే గట్టిగా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆడవాళ్లకు అలవాటైన నవ్వు ఒకటి ఉంటుంది కదా, లోపల ఏం జరుగుతున్నా పెదాలు వాటంతటవే విచ్చుకునేది, అది. నవ్వుతూనే ఆ ఎర్ర గీతలను చూశాను. ఇంటి నుంచి వీధి కుళాయికి, కుళాయి నుంచి ఇంటికి. ఇంటి నుంచి పాప బడికి. బడి నుంచి రేవుకు. రేవు నుంచి మందుల షాపుకు, అక్కణ్నుంచి కూరగాయలకు, అక్కణ్నుంచి మళ్లీ బడికి, ఇంటికి, మళ్లీ కుళాయికి. ఆ గీతల్లో ప్రతి మలుపూ నా కాళ్లకు తెలుసు. ఆ పడవ ఎక్కడికీ ఖాళీగా పోలేదు, ఖాళీగా తిరిగి రాలేదు. పోయేటప్పుడు పాప, పాప సంచి. వచ్చేటప్పుడు బిందె, బియ్యం, నడుంకు రాసే మందు.

తొమ్మిదో పడవను నేనే.

"పరికరం చెడిపోయి ఉంటుంది. చూసి చెబుతాను" అన్నాను మారిట్‌తో.  

ప్రభాకర్ సార్ తెలుగులోకి దిగాడు. "అమ్మా హేమలతా, బెల్జియం సంగతి ఇంకా తేల్చకపోతివి. సాయంత్రం లోపల పేరు పంపాలె. ఇంట్ల ఇబ్బందుంటే మొహమాటం లేకుంట చెప్పు. నీ స్లైడ్లు నాకు పంపు, నేను పోయి చదివేస్త. మనం మనం ఒక్కటే గదా."

రెండేళ్లు ఎండలో, బురదలో తిరిగి నేను కట్టిన లెక్క. బెల్జియం రేవు పట్నంలో అన్ని దేశాల వాళ్ల ముందు చెప్పమని పిలిచారు. వెళ్లనని చెబుదామనే ఆ పొద్దున అనుకున్నాను. కారణం ఆ పొద్దునే గ్యాస్ బండ రూపంలో వచ్చింది. తెచ్చినతను మెట్ల కింద దించి పోయాడు. బండను పొట్టకు ఆనించుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ పైకెక్కించాను. చీర కుచ్చిళ్లు తుప్పుతో ఎర్రబడ్డాయి. లోపలి నుంచి మా ఆయన, "జర చప్పుడు తక్కువ చెయ్యవే" అన్నాడు. వారం రోజులు నేను లేకపోతే ఈ మనిషికి మంచినీళ్ల గ్లాసు ఎవరిస్తారు? జూలూరుపాడు దగ్గర తండా నుంచి మా అత్త జమ్లి రోజూ ఫోన్లో అదే మాట. "వాడు లేచేదాంక ఇంటికి నువ్వే మొగదిక్కు బిడ్డా. గా పడవలు యాడికీ పోవు."

మీటింగ్ అయిపోయింది. మేకుకు వేలాడుతున్న సంచి వైపు చూశాను. మా అత్త తన చేత్తో అద్దాలు, గవ్వలు కుట్టి పెళ్లికి ఇచ్చిన సంచి. ఎక్కడికి వెళ్లినా అది నా భుజం మీదే ఉంటుంది. అడుగున చెయ్యి పెట్టి తడిమాను. అస్తరు గుడ్డ కింద గట్టిగా, నాలుగు పలకలుగా తగిలింది.

"ఎవలతోని గా గుసగుస?" ముందుగదిలోంచి కోటేష్.

చెయ్యి సంచిలోనే ఉండిపోయింది. "మీటింగు."

"మీటింగుల నవ్వులేంది?"

 ఈ మనిషి నా మీద ఎప్పుడూ చెయ్యి ఎత్తలేదు. నేను ఈ పనిలో చేరిన కొత్తలో ఒకసారి మాత్రం, రేవులో పడవ వాళ్లతో మాట్లాడుతుండగా చూసి, ఇంటికొచ్చాక అన్నం పళ్లెం గోడకు విసిరాడు. "మొగోళ్లతోని ఏం ముచ్చట్లే?" అన్నాడు. ఆ మెతుకులు ఎత్తింది కూడా నేనే. తర్వాత ఆ మాట మళ్లీ రాలేదు. పోయిందనుకున్నాను. గోడకు సున్నం వేస్తే మరక పోయినట్టే కనిపిస్తుంది కదా.

"రేవుకు పోయొస్త" అన్నాను, సంచి భుజానికి తగిలించుకుని.

మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు. నడుం మీద వేడినీళ్ల సంచి. తల తిప్పకుండానే అడిగాడు. "ఎంతసేపు పడ్తది?"

ఎప్పుడు బయటికి వెళ్లినా అదే ప్రశ్న. ఇన్నాళ్లూ ఆకలి వేస్తుందేమో, ఒంటరిగా తోచదేమో అనుకునేదాన్ని. ఆ రోజు ఆ ప్రశ్న మెడ వెనక చల్లగా తగిలింది. "తెల్వదు" అని మెట్లు దిగాను. వెనక్కి తిరిగి చూడలేదు. నా వెనక ఒక కన్ను నడుస్తోంది. కాదు, నా భుజానికే వేలాడుతోంది.

రేవు మెట్ల మీద, ఎవరూ లేని పక్కన కూర్చుని అస్తరు చింపాను. డబ్బా బయటపడింది. దాని వీపు మీద నా గోళ్ల రంగుతో నేనే వేసిన తొమ్మిది అంకె. ఆకుపచ్చ లైటు వెలుగుతోంది. అంటే నిండా ఛార్జింగ్ ఉంది. నేను వంట చేస్తున్నప్పుడో, స్నానానికి వెళ్లినప్పుడో ఎవరో తీసి, నింపి, మళ్లీ కుడుతున్నారు. కుట్టు చూశాను. నల్ల దారం, దగ్గర దగ్గరగా, తిన్నగా వేసిన కుట్లు. చొక్కా గుండీ ఊడితే, సూదిలో దారం ఎక్కించడం కూడా రాదని నిద్రపోతున్న నన్ను లేపే మనిషి ఉన్నాడు మా ఇంట్లో. వేరే ఎవరైనా అయితే బాగుండునని నా మనసు ఎన్ని పేర్లు వెతికిందో చెప్పలేను. కింద ఇంటి వాళ్లు. గ్యాస్ తెచ్చినతను. ఆఖరుకు మా అత్త. భర్త తప్ప ఇంకెవరైనా దొంగ అయితే ఆడది ఇంటికి తిరిగి వెళ్లగలదు.

ముత్యాలు పడవలోకి సిమెంటు బస్తాలు ఎత్తుతున్నాడు. పగిలిన చోట కొత్త చెక్క వేసి తారు పూశాడు. నా చేతిలో డబ్బా చూసి నవ్వాడు. "ఏంది మేడం, మల్ల కడ్తరా? వద్దనుకున్నరేమో అనుకున్న."

"నీ పడవ మీది డబ్బా ఎవరు తీసిండ్రు ముత్యాలూ?"

"గదేంది, మీ సారే గదా! వరద దిగినంక వచ్చిండు. మేడం తెమ్మన్నది అన్నడు. మోకాళ్ల లోతు బురదల దిగి ఊడబీక్కపోయిండు. నేను తీసిస్త సారూ అంటే కూడ ఇనలే." బస్తా దించి చేతులు దులుపుకున్నాడు. "ఏమైంది మేడం? మొకం గట్ల తెల్లగైంది. సారు గిట్ల ఖరాబు చేసిండా?"

"లేదు. ఖరాబు చెయ్యలే."

మరి ఎలా చూస్తున్నాడో కూడా నాకు తెలుసు. నాకు జ్వరం వచ్చినప్పుడు, ఏ పడవ డబ్బాకు ఛార్జింగ్ తగ్గిందో చూసి చెబుతాడని, ప్రాజెక్టు మ్యాపును ఆయన ఫోన్లో పెట్టింది నేనే. మీట ఎక్కడ నొక్కాలో చూపించింది నేనే. నేల మీద చుక్కలను కంప్యూటర్ చెరిపేస్తుందని కూడా నేనే చెప్పాను. ఆ చెరపడం గడిచిన రోజుల లెక్కలకే. ఇప్పుడు ఎక్కడుందన్నది మాత్రం ఫోన్లో కనిపిస్తూనే ఉంటుంది. యూరప్ వాళ్లెవరూ చూడరని ఆయన ధైర్యం.

  బెల్జియం పిలుపు వచ్చిందని చెప్పిన రోజు ఆయన ఏమీ అనలేదు. "పోతవా?" అని మాత్రం అడిగాడు. ఇప్పుడు ఆ ఒక్క మాటకు పది అర్థాలు తోచాయి. ఇన్ని రోజులుగా నా అడుగులు లెక్కపెట్టి, ఏ సందులో ఎంతసేపు నిలబడ్డానో చూసి, ఏం పోగేస్తున్నాడు? అత్తకు చూపిస్తాడా? తండాలో పంచాయతీ పెట్టి నలుగురి ముందు ఈ గీతలు పరుస్తాడా? పాపను తీసుకుపోతాడా? మందుల షాపు ముందు నేను ఎక్కువసేపు ఆగిన చుక్క ఉంటుంది. కౌంటర్లో ఉండేది కుర్రవాడు. ఆ మందు ఆయన నడుంకే అని చుక్క చెప్పదు కదా.

ఇంటికి ఇట్లా వెళ్లలేను. ఆయన మనసులో ఏముందో తెలియకుండా ఆ తలుపు తియ్యలేను. అప్పుడు తోచింది.

"ముత్యాలూ, ఎక్కడిదాంక పోతున్నవ్?"

"కింద ఊర్లకు. సిమెంటు దించి, చింతపండు ఎత్తుకుని సాయంత్రం వస్త."

డబ్బాను ముత్యాలు పడవకే కట్టాను. తొమ్మిది మళ్లీ తొమ్మిదో పడవ ఎక్కింది. ముత్యాలు మోటారు తిప్పాడు. వరద దిగినా నీళ్లు ఇంకా ఎర్రగా, సుడులు తిరుగుతూ ఉన్నాయి. పడవ నడి గోదావరికి చేరి కిందికి మళ్లింది. అనుమానం ఉన్న మొగుడైతే ఇప్పుడు ఫోన్ మోగాలి. ఆయన మ్యాపులో చూస్తే, పెళ్లాం ఇంట్లో మాట చెప్పకుండా, మొగవాడి పడవలో, ఊరు దాటి పోతోంది. మోగాలి. మోగితే ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. ఫోన్ చేతిలో పట్టుకుని రేవు మెట్టు మీద కూర్చున్నాను.

మోగలేదు.

పడవ చిన్నదై, వంపు తిరిగి, కనబడకుండా పోయింది. అయినా మోగలేదు. ఆ నిశ్శబ్దం అరుపు కంటే ఎక్కువ భయపెట్టింది. బయల్దేరాడా? నడుం పట్టుకుని, బండి ఎక్కి, రేవుకు వస్తున్నాడా? రోడ్డు మీద ప్రతి హారన్‌కూ ఉలిక్కిపడ్డాను. ఎవరూ రాలేదు. అప్పుడు ఇంకో ఆలోచన, ఇంకా చల్లనిది, మెల్లగా వచ్చింది. నాకు ఈత రాదు. ఆయనకు తెలుసు. పెళ్లైన ఏడాది పుష్కర ఘాట్‌లో నేను జారితే జుట్టు పట్టి లాగింది ఆయనే. ఈ ఎర్ర నీళ్ల మధ్యలో నా చుక్క కనబడుతుంటే, "యాడున్నవే?" అని ఒక్క మాట అడగడా?

లేచి నడిచాను. బజారు దారిన కాదు, డిపో వెనక గోడ పక్కన, చెత్త కుప్పల సందులోంచి. భుజం మీద సంచి తేలిగ్గా ఉంది. నేను ఎక్కడున్నానో ఎవరికీ తెలియని నడక అది. ఎన్నాళ్లైందో.

మెట్ల కింద ఆగాను. పైనుంచి చప్పుడు. ధడ్‌మని బరువైనదేదో నేలకు తగిలింది. ఆ వెంట మనిషి ఊపిరి, గట్టిగా, బుస కొట్టినట్టు. మళ్లీ ధడ్. సామాను పగలగొడుతున్నాడు. నా పెట్టె విరగ్గొడుతున్నాడు. పాప బడిలో ఉంది, అదొక్కటే ధైర్యం. వెనక్కి పోదామా అనుకున్నాను. ఎక్కడికి? చెప్పులు విడిచి, గోడ పట్టుకుని, చప్పుడు కాకుండా ఎక్కాను. తలుపు దగ్గరికి వేసి ఉంది. వేలితో తోశాను.

మా ఆయన అద్దం ముందు నిలబడి ఉన్నాడు. బనియను చెమటకు ఒంటికి అంటుకుపోయింది. రెండు చేతుల్లో పొద్దున నేను ఎక్కించిన గ్యాస్ బండ. మోకాళ్లు వంచి కిందికి దించాడు, ధడ్. ఊపిరి పీల్చి, నిండు బండను రొమ్ము దాకా లేపాడు. అద్దంలో తన చేతి కండలను మార్చి మార్చి చూసుకున్నాడు. బండ కింద నేల మీద గుండ్రటి తుప్పు మరక. ముందుగదిలోకి ఈ మరక ఎక్కడి నుంచి వస్తుందా అని ఎన్నాళ్లుగానో పీచు వేసి తోముతున్నాను.

గోడకు ఆనించి ఆయన ఫోన్. అందులో మ్యాపు. నీలం గోదావరి మధ్యలో ఎర్ర చుక్క కిందికి, దూరంగా పోతోంది.

నాకు కేకలు రాలేదు. ముత్యాలు మాట ఒకటి తిరిగి వినబడింది. మోకాళ్ల లోతు బురదల. నడుం నొప్పి మనిషి బురదలోకి దిగాడంటే, వింటూనే ఎందుకు నాకు తట్టలేదు? నా భయం అంతా ఆయన అనుమానం మీదే ఉంది. మొగుడు వెంట పడితే అది అనుమానమే అయి ఉండాలని ఎవరు నేర్పారో నాకు. ఇంకో కారణం ఉండొచ్చని, అది ఇంత చిన్నది, ఇంత చవకది అయి ఉండొచ్చని తోచనే లేదు.

అద్దంలో నన్ను చూశాడు. బండ చేతిలోంచి జారి పక్కకు దొర్లింది. చెయ్యి నడుం మీదికి పోయింది, అలవాటుగా. "అమ్మా..." అని మూలగబోయి ఆగిపోయాడు. ఫోన్ వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్లీ ఫోన్ వైపు.

నేను నా ఫోన్ తీసి ప్రభాకర్ సార్‌కు కలిపాను. "సార్, బెల్జియంకు నేనే పోతున్న. నా పేరే పంపుండ్రి."

"ఇంట్ల మరి..."

"ఇంట్ల ఇబ్బందేం లేదు సార్. మా ఆయన నడుం బాగయ్యింది. పాపను బడికి తోల్తడు, నీళ్లు పడ్తడు, బండ గూడ లేపుతడు. ఇప్పుడే చూసిన."

ఫోన్ పెట్టేసి, తలుపు వేసి, ఆయన మంచం మీద నేను కూర్చున్నాను. వేడినీళ్ల సంచి చల్లగా ఉంది.

"ఇప్పుడు చెప్పు" అన్నాను. "ఎందుకు పెట్టినవ్?"

 బండ పక్కన నేల మీద కూలబడి చెప్పాడు.

"అనుమానం కాదే. నీ మీద నాకేం అనుమానం? మొదట నిజంగనే నొప్పి ఉండె, అమ్మతోడు. వరద టైముకు తగ్గిపోయింది. చెప్దామనే అనుకున్న. కని నేను అడగకముందే నువ్వు అన్ని చేస్తుంటివి. నీళ్లు, పాప, వంట, బండ. ఇయ్యాల చెప్దాం, రేపు చెప్దాం అనుకుంట ఉండిపోయిన. ఒకపాలి నువ్వు జల్దీ వస్తే, నేను నిలబడి ఉన్న. నువ్వు చూడలే. నా పానం పోయినంత పనైంది. గప్పుడు పెట్టిన డబ్బా. నీ చుక్క మన సందు మలుపు తిరగంగనే మంచం ఎక్కేటోణ్ని. గంతే, ఇంకేం లేదు. ఇయ్యాల నీ చుక్క గోదాట్ల నడిమిట్ల కనబడ్డది. పడవెక్కినవ్ అనుకున్న. నీకు ఈత రాదని యాదికొచ్చింది. ఫోన్ గూడ చేతిలకు తీసుకున్న, చేద్దామని. మల్ల అనుకున్న... గంత దూరం పోయినవంటే జల్దీ రావు గదా అని. బండ ఇంకొన్ని సార్లు లేపొచ్చు అనుకున్న."